అచ్చు చెప్పే ఆనవాళ్లు: అమెరికా డిప్రెషన్ గాజు సేకరణ

1929 అక్టోబరులో న్యూయార్కు షేర్ల మార్కెట్టు కుప్పకూలిన తరువాత దాదాపు పదేళ్లపాటు అమెరికాను కుంగదీసిన ఆర్థిక మాంద్యకాలంలో, యంత్రాల మీద రంగు గాజుతో తయారై, కారుచౌకగానో పూర్తిగా ఉచితంగానో సామాన్యుల ఇళ్లకు చేరిన పళ్లేలు, కప్పులు, కూజాలు, వెన్న గిన్నెలను సేకర్తలు డిప్రెషన్ గాజు అని వ్యవహరిస్తారు. వీటిలో కొన్ని నమూనాలు మాంద్యానికి ముందే మొదలయ్యాయి, మరికొన్ని 1940 దాటాక కూడా కొనసాగాయి. అయినా పేరును స్థిరపరచింది మాత్రం ఆ లేమి కాలమే. ఇసుకకూ సహజవాయువుకూ కొరత లేని ఒహాయో నదీలోయలోనూ దాని చుట్టుపక్కల రాష్ట్రాల్లోనూ హాకింగ్, ఫెడరల్, జెనెట్, హేజెల్ అట్లాస్, మాక్బెత్ ఎవాన్స్, ఇండియానా గ్లాస్ వంటి కర్మాగారాలు ఈ పాత్రలను గుట్టలుగా తయారుచేశాయి. ఒహాయో రాష్ట్రంలోని లాంకాస్టర్‌లో ఉన్న హాకింగ్ సంస్థ 15 అచ్చులు కలిగిన యంత్రంతో నిమిషానికి 90 వస్తువులను తీయగలిగింది. ఐదు సెంట్లకు రెండు గ్లాసులు అమ్మి నిలదొక్కుకోగలిగింది. క్వేకర్ ఓట్స్ డబ్బాలో ధాన్యంతోపాటు గాజు పాత్ర కూడా వచ్చేది. సినిమా హాళ్లు ప్రేక్షకులను రప్పించడానికి వారంలో ఒక రాత్రి టికెట్టుతో ఒక పాత్రను కానుకగా ఇచ్చేవి. అలా ఒక్కొక్కటిగా కూడబెట్టిన పాత్రలతోనే ఎన్నో ఇళ్లలో పూర్తి భోజన సామగ్రి అమరింది.

ఈ గాజును గుర్తుపట్టే విద్య అంతా దాని తయారీ పద్ధతి మీదే ఆధారపడి ఉంది. కొలిమిలో కరిగిన గాజును ముద్దగా తెంపి లోహపు అచ్చులో వేసి, పైనుంచి నొక్కుడు పిడితో అదిమితే పాత్ర ఆకారం, దాని మీది నగిషీ ఒకే దెబ్బకు ఏర్పడతాయి. నగిషీని గాజు మీద కాక అచ్చు లోపలి గోడ మీద ఆమ్లంతో తినిపించడమో, పనిముట్లతో చెక్కడమో ముందుగానే జరుగుతుంది. అచ్చులో పల్లంగా ఉన్న గీత పాత్ర మీద ఉబ్బెత్తుగా పడుతుంది కనుక, వేలితో నిమిరితే పువ్వూ తీగా చర్మానికి తగులుతాయి. ఇందుకు భిన్నంగా, అదే కాలంలో ఫొస్టోరియా, కేంబ్రిడ్జ్, హైసీ సంస్థలు పెద్ద దుకాణాల కోసం తయారుచేసిన ఖరీదైన గాజును నేడు ఎలిగెంట్ గాజు అంటున్నారు. దాని మీద నగిషీని పాత్ర తయారైన తరువాత విడిగా ఆమ్లంతో చెక్కేవారు, అందువల్ల అది గాజులోకి దిగి ఉంటుంది, అడుగును సానపట్టి అంచులను మంటతో నునుపు చేయడం కూడా ఆ పాత్రలకే దక్కిన మర్యాద. ఈ రెండు లోకాల మధ్య రాకపోకలు లేకపోలేదు. మొనాంగా సంస్థ ఒక్కొక్క పాత్ర మీదా చెక్కిన స్ప్రింగ్‌టైమ్ అనే నగిషీని హాకింగ్ సంస్థ అచ్చులోకి దించి, కామియో అనే పేరుతో 1930 నుంచి లక్షణంగా చౌక బజారుకు పంపింది. అండాకారపు చట్రంలో కండువా పట్టుకుని నాట్యమాడే చిన్న యువతి బొమ్మ దాని గుర్తు.

జాలరు పనిలా పాత్రంతా అల్లుకున్న తీగలు, పువ్వులు కేవలం అలంకారానికి వచ్చినవి కావు. చౌకరకం గాజులో మిగిలిపోయే బుడగలు, నలకలు, రంగు హెచ్చుతగ్గులు నగిషీ చాటున కంటికి ఆనవు. లోపాన్ని దాచడానికి ఎంచుకున్న ఉపాయం ఇంత అందాన్ని కూర్చిపెట్టడం ఈ సంప్రదాయంలోని అసలైన ప్రతిభ. దీన్ని పేదల గాజు అని తీసిపారేసేవారు అచ్చు చెక్కిన పనివాడి నేర్పును చూడనట్లే. అచ్చు భాగాలు కలిసేచోట పడే అతుకు గీత, ముద్దను కత్తెరతో తెంపినప్పుడు మిగిలే చిన్న మరక లాంటి గీత కూడా ఈ తయారీకి సహజమైనవే. కత్తెర గీతను పగులు అని పొరబడడం కొత్తవారికి మామూలు. గోటితో గీరినప్పుడు తట్టకపోతే అది సాధారణంగా పగులు కాదు.

రంగు మరో ఆనవాలు. గులాబి, ఆకుపచ్చ, తేనె రంగులు విరివిగా దొరుకుతాయి. కోబాల్టు ఆక్సైడు కలిపిన ముదురు నీలం అంత తేలిగ్గా దొరకదు, అందుకే హేజెల్ అట్లాస్ వారి రాయల్ లేస్ నమూనాలో నీలి పాత్రలకు ఎప్పుడూ గిరాకీ ఉంటుంది. ఆకుపచ్చ పాత్రల్లో చాలావాటికి రంగు కోసం కొద్దిపాటి యురేనియం కలిపారు కనుక అవి అతినీలలోహిత దీపం కింద పచ్చగా మెరుస్తాయి. అయితే యురేనియం గాజు 19వ శతాబ్దం నుంచీ ఉంది, రెండవ ప్రపంచయుద్ధ కాలపు ఆంక్షలు తొలగాక మళ్లీ తయారైంది కూడా. కాబట్టి మెరుపు ఒక సూచన మాత్రమే, కాలనిర్ణయం కాదు. సంస్థల ముద్రల వల్ల ఉపయోగం ఇంకా తక్కువ. ఫెడరల్ వారి డాలులోని ఎఫ్, జెనెట్ వారి త్రికోణంలోని జె వంటి గుర్తులు ఉన్నా, అధిక భాగం పాత్రలకు ఏ ముద్రా ఉండదు. ఇండియానా సంస్థ తన నమూనాల్లో కొన్నింటికి పేరైనా పెట్టకుండా అంకెతో సరిపెట్టింది. 612 సంఖ్యతో వెలువడినదాన్ని హార్స్‌షూ, అంటే గుర్రపు నాడా, అని పిలుచుకున్నది తరువాతి సేకర్తలే. 1970లో హేజెల్ మేరీ వెదర్‌మన్ మాంద్యకాలపు రంగు గాజు మీద వెలువరించిన పుస్తకం, ఆ వెంటనే 1972లో జీన్ ఫ్లారెన్స్ వెలువరించిన విజ్ఞాన గ్రంథం నమూనాలను, సంస్థలను, రంగులను జతపరిచి ఈ అభిరుచికి శాస్త్రీయమైన పునాది వేశాయి.

గిరాకీ పెరగడంతోనే నకళ్లు మొదలయ్యాయి. ఫెడరల్ సంస్థ 1932 నుంచి తయారుచేసిన మాడ్రిడ్ నమూనాను 1976లో అమెరికా స్వాతంత్ర్య ద్విశతాబ్ది సందర్భంగా రికలెక్షన్ పేరుతో మళ్లీ తీసినప్పుడు, నగిషీలో 76 అనే అంకె చేర్చి నిజాయితీగా వ్యవహరించింది. ఆ అచ్చులు ఇండియానా సంస్థ చేతికి వెళ్లాక అంకె మాయమైంది, గులాబి, నీలం రంగుల్లో పాత్రలు బజారుకు వచ్చాయి. ఇండియానా తన అవకాడో నమూనాను 1974లో పునరుద్ధరించినప్పుడు గులాబి రంగు నారింజ వైపు మొగ్గింది, పాతదాని పక్కన పెడితే తేడా తెలిసిపోతుంది. జెనెట్ వారి చెర్రీ బ్లాసమ్ నమూనాకు 1973 నుంచి నకళ్లు వస్తున్నాయి. ఆ నమూనాలోని కూజాను బోర్లించి అడుగున చెర్రీ పండ్లను లెక్కించాలి: పాతదానిలో తొమ్మిది, కొత్తదానిలో ఏడే. హాకింగ్ వారి మేఫెయిర్ నమూనాలోని బుల్లి విస్కీ గ్లాసులో పువ్వు కాడ అడుగుకు వచ్చేసరికి రెండుగా చీలితే అది పాతది, ఒకే కాడగా నిలిస్తే కొత్తది. కొత్త అచ్చు చెక్కినవాడు బొమ్మ మొత్తాన్ని అనుకరిస్తాడు గానీ ఆకు ఈనెను, కాడ మలుపును, పండ్ల లెక్కను అంత శ్రద్ధగా పట్టించుకోడు. అందుకే అనుభవజ్ఞులు పాత్ర మొత్తాన్ని కాక దాని మూలలను, అడుగును చూస్తారు.

విలువ విషయానికి వస్తే, వయసు కంటే అరుదుతనం, స్థితి ముఖ్యం. అంచున వేలికి మాత్రమే తెలిసేంత చిన్న పెచ్చు లేచినా ధర పడిపోతుంది. డిష్‌వాషర్లలో పదేపదే కడగడం వల్ల గాజు పైపొర దెబ్బతిని తెల్లగా మసకబారితే ఎంత తోమినా అది పోదు, అందువల్ల ఈ పాత్రలను గోరువెచ్చని నీటితో చేత్తోనే కడగాలి. పళ్లేలు బాగా మిగిలాయి. చేతిలోంచి జారి, అంచు తగిలి పగిలినవి ఎక్కువగా కూజాలు, గ్లాసులు, మూతలు. మేఫెయిర్ గులాబి రంగు చక్కెర గిన్నె నేటికీ తేలిగ్గానే దొరుకుతుంది. దాని మూత మాత్రం ఆ నమూనాలోకెల్లా అరుదైన వస్తువుల్లో ఒకటి, గిన్నెకు అనేక రెట్లు ఖరీదు పలుకుతుంది. గిన్నె ఇప్పటికే అల్మారాలో ఉన్న సేకర్త ఏళ్ల తరబడి వెతికేది విడిగా ఉన్న ఆ మూత కోసమే.