చేతికి తగిన పనిముట్టు

ట్రాక్టర్లు రాకముందు మన గుంటూరు, ప్రకాశం జిల్లాల నల్లరేగడి పొలాల్లో జొన్న, కంది వంటి పైర్లను గొర్రుతో విత్తేవారు. గొర్రు చాళ్లు తీస్తుంది గాని, తనంతట తాను గింజను నేలలో వేయదు. అందుకని దానికి జడ్డిగం అమర్చేవారు. రంధ్రాలు గల కొయ్యగిన్నె, దానినుంచి గొర్రు పళ్ల వరకు దిగే వెదురు గొట్టాలు: ఇదే జడ్డిగం. ఒకరు ఎడ్లను తోలుతుంటే మరొకరు గిన్నెలో గింజలు విడుస్తూ వెంట నడిచేవారు. గొర్రు పనికి అడ్డు రాకుండానే జడ్డిగం దానికొక కొత్త పనిని చేర్చింది. ఒక యంత్రానికి తగిలించే అదనపు పరికరం ఏదైనా సరే, దానికి ఇదే గీటురాయి.

ఈ గీటురాయిమీద ఇటీవల ఒక ఆటవస్తువును గీసి చూచాను. అమెరికాలో ఉద్యోగం చేసే మా మేనల్లుడు సెలవులకు వస్తూ తన పాత నింటెండో 3డీఎస్ ఆటయంత్రాన్ని, దానికి తొడిగే సర్కిల్ ప్యాడ్ ప్రో అనే పరికరాన్ని తెచ్చాడు. 3డీఎస్ 2011 ఫిబ్రవరి 26న జపానులో వెలువడింది. దానిపై ఎడమ బొటనవ్రేలితో జరిపే గుండ్రని బిళ్ల ఒక్కటే ఉన్నది. కుడిచేతికి అటువంటిది లేదు. ఆ కొరత తీర్చడానికి అదే ఏడు డిసెంబరు 10న, మాన్‌స్టర్ హంటర్ ట్రై జి అనే వేట ఆటతోపాటు, ఈ తొడుగును 1,500 యెన్ల ధరకు విడుదల చేశారు.

రెండు బిళ్లలు ఎందుకు? గుంటూరు మిర్చి యార్డులో బస్తాల నడుమ నడిచే మనిషిని ఊహించండి. కాళ్లు ముందుకు సాగుతుంటాయి. తల మాత్రం ప్రక్కనుంచి వచ్చే బండివైపు తిరుగుతుంది. నడక ఒకటి, చూపు ఒకటి. తెరలోని వేటగానికీ ఇదే అవసరం. ఒక బిళ్ల నడిపించాలి, రెండవది చూపును త్రిప్పాలి. రెండవది లేనప్పుడు ఆ పని వేరే మీటపై పడుతుంది. అదీ ఎడమ బొటనవ్రేలి క్రిందనే ఉన్నందున, చూడాలంటే నడక ఆపవలసి వస్తుంది. 2004లో వచ్చిన సోనీ పీఎస్పీలోనూ ఇదే చిక్కు. దానిపై ఇటువంటి ఆటలాడేవారు చూపుడువ్రేలిని డేగగోరులాగా వంచి ఆ మీటను నొక్కడం అలవాటు చేసుకున్నారు. పనిముట్టుకు చేయి లొంగిందన్నమాట!

తొడుగు పనిచేసే తీరు విద్యార్థులు తెలుసుకోదగినది. బిళ్లను ఎటు జరిపినా ఆ కదలికను అడ్డం, నిలువు అనే రెండు కొలతలుగా, గ్రాఫు కాగితంమీద బిందువును గుర్తించినట్లే, సంఖ్యలలోకి మారుస్తారు. ఆ సంఖ్యలు పరారుణ కిరణాల ద్వారా యంత్రం వెనుకనున్న చిన్న కిటికీలోకి చేరుతాయి. తీగ లేదు. తొడుగుకు కావలసిన విద్యుత్తును ఒకే ఒక ట్రిపుల్ ఏ బ్యాటరీ ఇస్తుంది.

ఇక పరీక్ష. నేను, మేనల్లుడు, పదవ తరగతి చదివే మా అమ్మాయి ఒకే వేటను మొదట తొడుగు లేకుండా, తరువాత తొడుగుతో ఆడాము. ముగ్గురికీ రెండవసారి ఆట సులువైంది. తొడుగు గెలిచిందని నేను తీర్పు చెప్పబోతుంటే మా అమ్మాయి అడ్డుతగిలింది: "నాన్నా, రెండవసారి మనకు ఆట అలవాటైంది కదా! సులువు తొడుగుదా, అలవాటుదా?" ఆ ప్రశ్నకు నావద్ద జవాబు లేదు. మరునాడు కొత్త వేట ఎంచుకుని వరుస తారుమారు చేశాము. ముందు తొడుగుతో ఆడి, పిదప తీసివేశాము. ఈసారి తొడుగు తీయగానే చూపు త్రిప్పడంలో ముగ్గురమూ తడబడ్డాము. అప్పుడు గాని తొడుగు చేసే మేలు నిజమని నమ్మకం కుదరలేదు. ముగ్గురితో చేసిన పరీక్ష శాస్త్రీయ నిర్ణయం కాదు. అయినా వరుస మార్చి చూడని పరీక్ష అసలు పరీక్షే కాదని ఆ రోజు నేను నేర్చుకున్నాను.

మేలు నిజమే; కాని లోపాలూ ఉన్నాయి. జేబులో ఇమిడే యంత్రం తొడుగుతో జేబులో పట్టదు. కొత్త బిళ్ల మీటలకు ఆవల, కుడి అంచున ఉన్నది. బొటనవ్రేలు మాటిమాటికీ అటూ ఇటూ ప్రయాణం చేయాలి. యంత్రం కుడిభుజాన ఉన్న మీటకు తొడుగు అడ్డు వస్తుంది. అందుచేత అదే మీటను తొడుగుపై మరల అమర్చారు. ఒక చేత్తో తీసుకుని మరొక చేత్తో ఇచ్చినట్లున్నది. పైగా దీనికోసం ప్రత్యేకంగా వ్రాసిన ఆటలలోనే ఇది పనిచేస్తుంది. తక్కినవాటిలో ఒట్టి బరువు. జడ్డిగం గొర్రుకు అడ్డు రాలేదు. ఇది తన యంత్రానికి అడ్డు వస్తున్నది.

తయారుచేసినవారే 2014 అక్టోబరులో జపానులో విడుదల చేసిన కొత్త 3డీఎస్‌లో చిన్న కుడిమీటను యంత్రంలోనే ఇమిడ్చారు. తొడుగు అవసరం తీరింది. సోనీవారి వీటా యంత్రమైతే 2011 డిసెంబరులోనే రెండు మీటలతో పుట్టింది. 3డీఎస్ తయారీ 2020లో నిలిచిపోయింది కనుక, ఈ తొడుగును కొనమని గాని వద్దని గాని నేను చెప్పబోవడం లేదు. దీనిని ఒక పాఠంగా చూడమంటాను. అతుకు వేయడం తప్పు కాదు. లోపం ఎక్కడున్నదో అతుకు చూపుతుంది. ఆ లోపాన్ని మూలంలోనే దిద్దుకోవడం తయారీదారు విధి.

ఉపాధ్యాయులకు ఒక సూచన. ఈ తొడుగు దొరకకపోయినా పరారుణ పాఠం ఆగనక్కరలేదు. టీవీ రిమోట్ ముందుభాగాన్ని సెల్‌ఫోను కెమెరాకు ఎదురుగా పట్టి మీట నొక్కండి. ఒక కెమెరాలో కనబడకపోతే సెల్‌ఫోను రెండవ కెమెరాతో చూడండి. కంటికి కనబడని వెలుగు చాలా ఫోన్ల తెరమీద మినుకుమంటుంది. తరువాత పిల్లలను వారివారి ఇళ్లలోని పనిముట్లను పట్టి చూడమనండి. కొడవలి, కుట్టుమిషను, మందు చల్లే స్ప్రేయరు, ఏదైనా సరే. వీటిలో చేతికి లొంగినదేది, చేతిని లొంగదీసుకున్నదేది? ఆ ప్రశ్న అడగడం నేర్చిన విద్యార్థి రేపు మంచి పనిముట్టును తానే తయారుచేయగలడు.