షెల్లు చెప్పేది సగమే

ఈ వారం ఈ శీర్షికకు కోపం తెప్పించినవి రెండే మాటలు: “ఆయిల్ బాగాలేదు.” అమెరికాలోని మిషిగన్ నుంచి ఒక తెలుగు పాఠకుడు ఫొటోలతో సహా పెద్ద ఉత్తరం రాశారు. స్నేహితులతో కలిసి ఆయన కొన్న స్పీడ్‌బోటులో పెద్ద వి8 పెట్రోల్ ఇంజిన్ ఉంది. కిందటేడు దాని బేరింగులు అరిగి, క్రాంక్‌షాఫ్ట్ మీద గీతలు పడ్డాయి. ఇంజిన్ దింపించి, షాఫ్ట్ గ్రైండింగ్ చేయించి, కొత్త బేరింగులు వేయించారు. ఒక్క వేసవి గడవకముందే మళ్లీ అదే టకటక చప్పుడు. షెడ్డువాళ్లు రెండుసార్లూ ఆ రెండు మాటలే చెప్పి బిల్లు చేతిలో పెట్టారు.

పంపుసెట్ల గురించి రాసిన వారం ఈ శీర్షిక పాఠకులకు గుర్తుండే ఉంటుంది. లో వోల్టేజీతో మోటారు కాలిపోతే రీవైండింగ్ చేయిస్తారు, తెచ్చి అదే లైనుకు తగిలిస్తారు, పది రోజులకు మళ్లీ కాలుతుంది. చెడిన వస్తువును బాగుచేయడం వేరు, చెడగొట్టినదాన్ని పట్టుకోవడం వేరు. అందుకే పాత సామాను పారేయవద్దని, విప్పిన ప్రతి ముక్కనూ చూడందే చెత్తలో వేయవద్దని ఇక్కడ పదేపదే రాయడం.

మిషిగన్ పాఠకుడు ఆ పని చేశారు. రెండోసారి విప్పిన బేరింగ్ షెల్లులన్నిటినీ, అంటే ప్రతి బేరింగు రెండు సగాలనూ, సిలిండర్ నంబర్ల వరుసలో, పైసగం పైన, కిందిసగం కింద పేర్చి ఫొటోలు తీశారు. ఆ వరుసే సగం పరీక్ష. మండే పెట్రోలు పిస్టన్‌ను కిందికి కొడుతుంది కాబట్టి కనెక్టింగ్ రాడ్‌లో పైషెల్లు మీద, మెయిన్ బేరింగులో కిందిషెల్లు మీద బరువు ఎక్కువ పడుతుంది. రాడ్ పైషెల్లులు మాత్రమే నలిగాయంటే ఇంజిన్ నాకింగ్ కొట్టి ఉండాలి, లేదా శక్తికి మించిన బరువు లాగి ఉండాలి. ఒక షెల్లు ఈ అంచునా, దాని జత ఎదుటి అంచునా ఐమూలగా మెరిస్తే రాడ్ వంగిందని అనుమానించాలి. చుట్టూ గీతలుంటే మురికి. రంగు మాసి నల్లబడితే నీళ్లో, ఆమ్లమో ఆయిల్లో కలిసినట్టు.

ఉత్తరంలో ఒక వాక్యం దగ్గర ఈ కాలమిస్టు చాలాసేపు ఆగిపోయాడు: “ఆయిల్ ప్రెజర్ గేజ్ చివరిదాకా బాగానే చూపించింది.” ఈ నమ్మకం చాలామందికి ఉంది. పంపు తోసే ఆయిలే షాఫ్ట్‌ను మోస్తోందని అనుకుంటారు. అది కాదని తేలిన కథ తెలుసుకుంటే తప్ప బేరింగు అరుగుదల అర్థం కాదు.

1883లో బీచమ్ టవర్ అనే ఇంగ్లండ్ ఇంజనీరు, అక్కడి మెకానికల్ ఇంజనీర్ల సంస్థ కోసం రాపిడి మీద ప్రయోగాలు చేశాడు. అంతకుముందు ఆయన ఓడల నడకను పరిశోధించిన విలియం ఫ్రూడ్ దగ్గర పనిచేసినవాడు. నాలుగు అంగుళాల లావు ఉక్కు షాఫ్ట్ కింది భాగం ఆయిల్‌లో మునిగి తిరుగుతుంటుంది. పైన ఇత్తడి బేరింగు బోర్లించి, దాని మీద బరువు పెట్టాడు. ఆ తర్వాత పైనుంచి మామూలుగా ఆయిల్ వేసి చూద్దామని ఇత్తడి నడినెత్తిన రంధ్రం చేశాడు. యంత్రం తిప్పగానే ఆయిల్ లోపలికి పోవడానికి బదులు పైకి ఉబికి పొర్లింది. బిరడా పెడితే తన్నేసింది. చెక్క మేకు బిగిస్తే దాన్నీ తోసేసింది. టవర్ అక్కడ ప్రెజర్ గేజ్ బిగించాడు. బేరింగు మీద పెట్టిన బరువు సగటున చదరపు అంగుళానికి 100 పౌండ్లే. గేజ్ ముల్లు మాత్రం దాని హద్దయిన 200 దాటిపోయింది.

అక్కడ ఏ పంపూ లేదు. తిరిగే షాఫ్ట్ తనకు అంటుకున్న ఆయిల్‌ను ఇరుకు సందులోకి ఈడ్చుకుపోతుంది, ఆ ఇరుకులో ఒత్తిడి తనంతట తానే పుడుతుంది, ఆ ఒత్తిడే బరువును ఎత్తి పట్టుకుంటుంది. ఆస్బోర్న్ రేనాల్డ్స్ అనే శాస్త్రవేత్త 1886లో దీని లెక్కంతా రాశాడు. నేటి ఇంజిన్లలోని షెల్లు బేరింగులన్నీ ఆ లెక్క మీదే నిలబడ్డాయి. పంపు పని సందును నింపి ఉంచడం వరకే. బేరింగు లోపల పుట్టే ఒత్తిడి చదరపు అంగుళానికి వేల పౌండ్లు. డ్యాష్‌బోర్డు గేజ్ చూపేది పదుల్లో. ఆ ముల్లు నిలకడగా ఉన్నంత మాత్రాన లోపల ఆయిల్ పొర తెగలేదని హామీ ఇవ్వలేం.

ఆ పొర మందం కొన్ని మైక్రాన్లు. దాన్ని నిలబెట్టేవి మూడు: ఆయిల్ చిక్కదనం, షాఫ్ట్ వేగం, మీద పడే బరువు.

స్పీడ్‌బోటు ఈ మూడింటినీ పరీక్షిస్తుంది. కారు హైవే మీద తన శక్తిలో కొద్ది వంతే వాడుకుంటుంది, పల్లంలో సేదదీరుతుంది. బోటుకు పల్లం లేదు; ప్రొపెల్లర్ అడిగే శక్తి దాదాపు ఇంజిన్ వేగపు ఘనంతో పాటు పెరుగుతుంది. ప్రొపెల్లర్ పిచ్, అంటే ఒక్క చుట్టులో అది ముందుకు సాగాల్సిన దూరం, అవసరానికి మించితే ఇంజిన్ తన పూర్తి ఆర్‌పీఎం అందుకోలేదు. వేగం తక్కువ, బరువు ఎక్కువ అయి పొర పలచబడుతుంది. బయటి నీళ్లనే నేరుగా తిప్పి చల్లబరిచే ఇంజిన్లు చాలావరకు 60 డిగ్రీల సెల్సియస్ దగ్గరే నడుస్తాయి. ఆయిల్ తగినంత వేడెక్కకపోతే అందులో చేరిన పెట్రోలు ఆవిరవదు, చిక్కదనం పోతుంది. అలల మీద ఎగిరి పడేటప్పుడు సంప్‌లో ఆయిల్ పక్కకు ఒరిగి పంపు గాలి పీలుస్తుంది. పందెం బోట్లలో ఆయిల్‌ను వేరే ట్యాంకులో ఉంచే డ్రై సంప్ వాడేది ఇందుకే.

ఇన్ని అనుమానాలతో ఫొటోలు చూస్తే ఒక్కటీ సరిపోలేదు. రాడ్ పైషెల్లులు నలగలేదు, ఐమూల మెరుపు లేదు, నలుపు లేదు. పైసగాలూ కిందిసగాలూ అన్నిటి మీదా షాఫ్ట్ తిరిగే దిక్కున సన్నని గీతలు. అక్కడక్కడ పైపూత లేచిపోయి రాగిరంగు తేలింది. కొన్నిచోట్ల లోహపు రేణువులు గుచ్చుకుని, వాటి చుట్టూ చిన్న మెరుపు. అంటే మురికి, అదీ ఆయిల్ వెంట వచ్చిన మురికి. షెల్లు చెప్పగలిగింది ఇక్కడికే. రిపేరయ్యాక ఇంజిన్‌లో ఉన్నవి కొత్త ఆయిల్, కొత్త ఫిల్టర్, శుభ్రం చేసిన షాఫ్ట్. మరి ఆ మురికి ఎక్కడిదో షెల్లు చెప్పదు.

ఉత్తరంలో ఎక్కడా ప్రస్తావన లేని భాగం ఒకటుంది: ఆయిల్ కూలర్. మొదటిసారి బేరింగులు అరిగినప్పుడు రాలిన లోహం ఆయిల్‌తో పాటు కూలర్‌లోకీ గొట్టాల్లోకీ పోతుంది. లోపలి సన్నని దారుల్లో చిక్కుకుంటుంది. ఇంజిన్‌ను కొత్తగా బిగించాక వేడికీ అదురుకీ కొంచెం కొంచెంగా వదులుతుంది. కూలర్ ఫిల్టర్ తర్వాత ఉండే అమరికలో ఆ రేణువులు నేరుగా బేరింగులకే చేరతాయి. కూలర్ తర్వాత ఫిల్టర్ ఉన్నా, చల్లటి చిక్కటి ఆయిల్‌కు ఫిల్టర్ బైపాస్ వాల్వ్ తెరుచుకున్న ప్రతిసారీ వడకట్టని ఆయిల్ లోపలికి పోతుంది. బిల్లులో కూలర్ మాట లేదంటే, ఆ పాత కూలరే మళ్లీ బిగించారని అనుకోవాలి.

పాత సామాను పారేయవద్దని ఏళ్ల తరబడి చెబుతున్న ఈ శీర్షిక మాటకు కూలర్ మినహాయింపు. లోపల చూడలేని, పూర్తిగా కడిగామని రుజువు చేయలేని వస్తువును దాచుకోవడం పొదుపు కాదు. ఎంత ద్రావకంతో కడిగినా ఆ సందుల్లో ఒక్క చిటికెడు పొడి మిగిలితే చాలు, కొత్త బేరింగులు పోతాయి. కూలర్ ఖర్చు ఇంజిన్‌ను మళ్లీ దింపి బాగుచేసే ఖర్చుకు దరిదాపుల్లో కూడా ఉండదు.

బోటు ఉన్న పాఠకులు, పడవ ఇంజిన్లతో పనిచేసే మెకానిక్‌లు ఈ మూడు పనులు చేయండి. విప్పిన షెల్లులను నంబర్లు వేసి దాచండి. పాత ఫిల్టర్‌ను కోసి, కాగితం మడతలు విప్పి, అందులోని రేణువుల మీద అయస్కాంతం తిప్పి చూడండి. ఇనుమైతే అంటుకుంటుంది, బేరింగు పూత అంటుకోదు. బేరింగులు పోయిన ఇంజిన్‌కు కొత్త కూలర్, కొత్త ఆయిల్ గొట్టాలు బిల్లులో లేకపోతే, ఆ ఇంజిన్‌ను తిరిగి బోటులో దించనివ్వకండి.