మైనర్ అంటే ఏడుపేనా?

మైనర్ అనగానే మనవాళ్ళకి ముందు గుర్తొచ్చేది సంగీతం కాదు. సిల్కు లాల్చీ, మెడలో గొలుసు, వేళ్ళకి ఉంగరాలు పెట్టుకుని తాతల ఆస్తి హారతి కర్పూరం చేసే మైనరు బాబు! ఆ మైనరుకి విచారమంటే ఏమిటో తెలీదు. అదేం చిత్రమో, సంగీతంలోకి వచ్చేసరికి మాత్రం మైనర్ అంటే శోకమని ఖాయం చేసేశారు. మేజర్ అయితే సంతోషం, మైనర్ అయితే దుఃఖం. కీబోర్డు నేర్చుకునే పిల్లలు ఈ సూత్రాన్ని ఎక్కం అప్పజెప్పినట్టు అప్పజెబుతున్నారు.

నాకు దీని మీద కోపం రావడానికి కారణం ఉంది. హనుమకొండలో మా వీధి అమ్మాయి ఒకతె, వాళ్ళక్క నిశ్చితార్థంలో కీబోర్డు మీద 'సామజవరగమన' వాయించాలని సరదా పడింది. 1980లో 'శంకరాభరణం' చూసినప్పట్నుంచీ వాళ్ళ బాపమ్మకి ఆ కీర్తనంటే ప్రాణం. మాస్టారేమో, "వద్దమ్మా, అది మైనర్. శుభకార్యంలో బావుండదు" అన్నారట. పిల్ల మొహం చిన్నబుచ్చుకుని, "నిజమేనా అత్తమ్మా?" అని నా దగ్గరికొచ్చింది.

అసలు సంగతేమిటో చూద్దాం. ఇంట్లో హార్మోనియం ఉంటే బయటికి తీయండి, పిల్లల బొమ్మ కీబోర్డయినా సరే. తెల్లమెట్లు మాత్రమే నొక్కాలి సుమండీ. రెండేసి నల్లమెట్లు జంటగా ఉంటాయి చూడండి, ఆ జంటకి ఎడమపక్క తెల్లమెట్టుని 'స' అనుకుని పైకి వెళితే శంకరాభరణం. ఇంగ్లీషువాళ్ళ మేజర్ స్కేలు అదే. ఇప్పుడు ఆ వరసలోనే 'ద' దగ్గర ఆగి, దాన్నే 'స' అనుకుని మళ్ళీ ఏడు మెట్లూ ఎక్కండి. ఒక్క నల్లమెట్టు ముట్టుకోలేదు, అయినా రాగం మారిపోయింది! అది నటభైరవి, ఇరవయ్యో మేళకర్త. వాళ్ళ మైనర్ స్కేలు అదే. ఇల్లు అదే, గుమ్మం వేరు. మన పెద్దలు దీన్ని గ్రహభేదం అన్నారు.

తేడా ముఖ్యంగా గాంధారంలో తెలుస్తుంది. తెలుపూ నలుపూ కలిపి లెక్కపెడితే, శంకరాభరణంలో 'స' నుంచి 'గ'కి నాలుగు మెట్లు, నటభైరవిలో మూడే. దూరం చిన్నది కనక మైనర్ అన్నారు. ఆ మాటకి చిన్నదనే అర్థం తప్ప, అందులో ఏడుపెక్కడుంది?

పైగా వాళ్ళ మైనర్ ఒకటి కాదు, మూడు. నటభైరవిలో 'ని' ఒక్కదాన్ని ఒక మెట్టు పెంచితే కీరవాణి, వాళ్ళ హార్మోనిక్ మైనర్. 'ని' పైషడ్జానికి ఆనుకుని ఉంటుంది కనక పైకి లాగుతున్నట్టు వినిపిస్తుంది. 'ద' కూడా పెంచితే గౌరీమనోహరి. మెలోడిక్ మైనర్ ఆరోహణ అదే. దిగేటప్పుడు వాళ్ళు నటభైరవి మెట్లమీదుగా దిగుతారు, మనం ఎక్కిన మెట్లే దిగుతాం. త్యాగయ్యగారు కీరవాణిలో 'కలిగియుంటే గదా' చేశారు, గౌరీమనోహరిలో 'గురులేక ఎటువంటి' చేశారు. మొదటిదాంట్లో నిష్ఠూరం ఉందంటే ఒప్పుకుంటాను. రెండోదాంట్లో గురువు మీద నమ్మకం తప్ప కన్నీటిచుక్క లేదు.

ఇక మన పిల్ల గొడవ. 'సామజవరగమన' హిందోళం. నటభైరవిలో 'రి', 'ప' తీసేస్తే మిగిలే అయిదు స్వరాలూ అవే. మాస్టారికి అక్కడ చిన్న గాంధారం కనబడి ఉంటుంది కాబోలు. కాని కృష్ణుడి గజగమనాన్ని పొగిడే కీర్తనలో విచారం ఎలా దూరుతుంది? సినిమాలో కూడా దాన్ని పడుచుజంట మీదే తీశారు. నిక్షేపంగా వాయించుకోమన్నాను.

మాస్టారిది పూర్తిగా గాలిమాట అనను. యూరపులో శోకానికి మైనర్ వాడటం బాగా అలవాటైపోయింది. శోపాన్ రాసిన శవయాత్ర సంగీతం మైనర్లోనే ఉంటుంది. వింటే గుండె బరువెక్కుతుంది. మరి 'గాడ్ రెస్ట్ యే మెర్రీ జెంటిల్‌మెన్' అనే క్రిస్మస్ పాటా మైనరే. పిల్లలు గంతులేస్తూ పాడతారు దాన్ని!

ఆనందభైరవిని చూడండి. నటభైరవి బిడ్డ, పేరులోనే ఆనందం. రామదాసు 'పలుకే బంగారమాయెనా' అని రాముణ్ణి నిలదీసింది సాధారణంగా ఈ రాగంలోనే వింటాం. రామదాసు మనకి పరాయివాడేం కాదు, ఆయన ఊరు నేలకొండపల్లి 1953లో ఖమ్మం జిల్లా ఏర్పడేదాకా మన వరంగల్ జిల్లాలోదే. అదే ఆనందభైరవిలో పెళ్ళికొడుకునీ పెళ్ళికూతుర్నీ ఊయల్లో కూర్చోబెట్టి లాలి పాడతారు. ఆ రాగంలో గాంధారాన్ని మనం గోడకి మేకు కొట్టినట్టు నిలబెట్టం, ఊపుతాం. నడక, గమకం, సాహిత్యం కలిస్తేనే దానికి మనసొస్తుంది. కీబోర్డు మెట్టుకి ఆ ఊపు తెలీదు. మామూలు కీబోర్డు మీద నేర్చినవారికి స్వరమొకటే కనబడి, భావం స్వరంలోనే ఉందనిపించడంలో ఆశ్చర్యం లేదు.

అంతదాకా ఎందుకు, సద్దుల బతుకమ్మ నాడు పద్మాక్షి గుట్ట దగ్గరికి వెళ్ళి నిలబడండి. నాలుగైదు స్వరాల్లో తిరిగే ఒకే 'ఉయ్యాలో' వరసలో గౌరమ్మని పొగుడుతారు, పుట్టింటికి రాలేని ఆడబిడ్డ కష్టం చెప్పుకుంటారు, ఎవరో ప్రాణాలు వదిలిన కథా పాడతారు. చప్పట్లు మాత్రం ఒక్కసారీ తప్పవు.