ఎత్తి వేసే తలుపు

మా జీపు ఎడమ తలుపు మామూలుగా వేస్తే పడేది కాదు. పిడి పట్టుకుని గోరంత పైకి లేపి, ఆ ఎత్తు మీదే లోపలికి నెట్టాలి. అప్పుడే లాకు టక్కుమని పడేది. ‘ఎత్తి వెయ్యి’ అన్నది జీపెక్కే ప్రతి మనిషికీ మేం చెప్పే మొదటి మాట. పెళ్లికొచ్చిన చుట్టాలకు చెప్పాం, మిరపకాయ కోతలకొచ్చిన కూలీలకు చెప్పాం, బడికి దింపే పిల్లలకు చెప్పాం. ఏడేళ్లు ఇలాగే గడిచాయి. చెప్పగా చెప్పగా అది తలుపుకు పట్టిన జబ్బన్న సంగతే మరిచిపోయాం. దాని తీరే అంత అనుకున్నాం.

అమ్మ ఎప్పుడూ ముందు సీట్లో ఎడమవైపే కూర్చుంటుంది. ఎక్కి, కొంగు సర్దుకుని, చేతులు ఒళ్లో పెట్టుకుని అలా ఉండిపోయేది. నేను చుట్టూ తిరిగి వచ్చి తలుపు వేసేవాణ్ని. పెద్దావిడ కదా, కొడుకు వచ్చి వేస్తే బాగుంటుందనుకుంటోందని నా మనసులో ఉండేది. అందులో నాకు కొంత సంతోషం కూడా ఉండేది.

2022 ఏప్రిల్‌లో పల్నాడు జిల్లా ఏర్పడ్డాక, పొలం కాగితాల మీద గుంటూరు దాకా పోవాల్సిన పని పేటలోనే అవుతోంది. నరసరావుపేటను మేం పేట అనే అంటాం. కిందటి శ్రావణంలో అలాగే గురజాల నుంచి బయలుదేరబోతూ, జిరాక్సు కోసం నేను కొట్లోకి వెళ్లాను. అమ్మ జీపులో ఉంది. ఉన్నట్టుండి గాలీ వానా ఒక్కసారే వచ్చాయి. నేను పరుగెత్తుకొచ్చేసరికి తలుపు తెరిచే ఉంది. అమ్మ పాసుపుస్తకాన్ని కొంగులో చుట్టి గుండెకు అదుముకుని, ఆ చినుకుల్లోనే కూర్చుని ఉంది. ఎడమ భుజం, చీర, ఒళ్లు మొత్తం తడిసిపోయాయి.

“తలుపు వేసుకోవచ్చుగా అమ్మా” అన్నాను.

“అది నాకు పడదురా. ఎత్తడానికి భుజం లేవదు” అంది. విసుగు లేకుండా, ఎప్పటినుంచో ఉన్న మాట చెప్పినట్టు చెప్పింది.

దారి పొడవునా నాకు మాట రాలేదు. పిడుగురాళ్ల సున్నపు బట్టీలు దాటేదాకా ఆ తలుపు గురించే ఆలోచిస్తున్నాను. అరిగిన తలుపు అందరికీ ఒకేలా అరగదు. భుజబలం ఉన్నవాడికి అది చిన్న కిటుకు. లేనివాళ్లకు గోడ. ఆ కిటుకు నాకు చేతనైంది కాబట్టి, ఆ గోడ ఏడేళ్లు నా కంటికి ఆనలేదు.

మర్నాడు పొద్దున్నే తలుపు సగం తెరిచి, పిడి ఉన్న అంచును రెండు చేతులా పట్టుకుని పైకీ కిందికీ కదిపాను. ఇక్కడ చూడాల్సిన తేడా ఒకటుంది. కీలు మొత్తంగా బాడీ మీద కదిలితే బోల్టులు లూజయ్యాయని అర్థం, పానాతో బిగిస్తే సరిపోతుంది. కీలుకున్న రెండు రెక్కల్లో ఒకటి నిలిచి ఉండి రెండోది కదిలితే, వాటిని కలిపే పిన్ను దగ్గర ఆట వచ్చిందన్నమాట. మా జీపుకు పై కీలులోనూ, కింది కీలులోనూ ఆట వచ్చింది. పిన్ను చుట్టూ ఉండే బుష్‌లు అరిగిపోయాయి.

తలుపు బరువంతా కీళ్లకు అవతలి వైపు వేలాడుతుంది. ఆ బరువుకు పై కీలు బయటికి లాగబడుతుంది, కింది కీలు లోపలికి నెట్టబడుతుంది. కాబట్టి బుష్ నాలుగు వైపులా సమంగా అరగదు. పైదాన్లో ఒక పక్క, కిందిదాన్లో దానికి ఎదురు పక్క తినేసి, గుండ్రటి బెజ్జం కోడిగుడ్డు ఆకారానికి వస్తుంది. కొలిచి చూశాను. రెండు కీళ్ల మధ్య దూరం 40 సెంటీమీటర్లు, తలుపు వెడల్పు 80. ఒక్కో కీలులో ఒక్క మిల్లీమీటరు అరిగితే చాలు, లాకు ఉన్న అంచు 4 మిల్లీమీటర్లు దిగుతుంది. తలుపు వెడల్పు కీళ్ల మధ్య దూరానికి ఎన్ని రెట్లుంటే, రెండు కీళ్ల అరుగుదల కలిపి అన్ని రెట్లై చివర కనిపిస్తుంది. జబ్బు ఒకచోట, నొప్పి ఇంకోచోట. అందుకే చాలామంది నొప్పి ఉన్నచోటే మందు రాస్తారు.

మేమూ అదే చేశాం. ఏడేళ్ల కిందట, తలుపు మొదటిసారి మొరాయించినప్పుడు, ఒక షెడ్డులో చూపించాం. అక్కడి కుర్రాడు బాడీ వైపు లాకు పట్టుకునే కొక్కెం బోల్టులు వదులు చేసి, దాన్ని నాలుగు మిల్లీమీటర్లు కిందికి జరిపి బిగించాడు. తలుపు దిగింది, కొక్కెమూ దిగింది. ఇద్దరికీ పొత్తు కుదిరింది. కొన్నాళ్లు బాగానే పడింది. ఈలోగా బుష్‌లు ఇంకా అరిగాయి, తలుపు ఇంకా దిగింది. కొక్కెం జరపడానికి ఇక చోటు మిగల్లేదు. అప్పుడు మొదలైంది ఎత్తి వేయడం.

ఈసారి పేటలో ఒక లేత్ మేస్త్రీ దగ్గరికి తీసుకెళ్లాను. ఆయన తలుపు అంచు పట్టి ఒక్కసారి లేపి చూసి, “గుజ్జు అరిగిందబ్బాయ్. ఎముకకి ఎముక రాసుకుంటంది” అన్నాడు. మోకాళ్ల నొప్పులకు మన ఊళ్లలో చెప్పే మాటే అది. ఇంతకంటే సరైన మాట నాకు ఇప్పటికీ దొరకలేదు. కీలుకు బుష్ గుజ్జే. ఉక్కు పిన్నుకీ ఇనప రెక్కకీ మధ్య మెత్తటి లోహపు గొట్టం ఒకటి పెట్టి, అరగాల్సింది అదొక్కటే అయ్యేలా చూస్తారు.

“లావు పిన్ను వేస్తే సరిపోదా మేస్త్రీ?” అని అడిగాను.

“గుడ్డు బెజ్జంలో లావు పిన్ను ఏడ నిలుస్తది? ముందు బెజ్జం గుండ్రం కావాలి” అన్నాడు.

ఈ జీపుకు కంపెనీ బుష్ దొరకదు. దానికి కారణం జీపు పుట్టుకలోనే ఉంది. రెండో ప్రపంచ యుద్ధం కోసం అమెరికాలో చేసిన జీపులకు తలుపుల్లేవు. సైనికుడు చప్పున ఎక్కాలి, చప్పున దూకాలి. మహీంద్రా వాళ్లు 1940ల చివర్లో మన దేశంలో బిగించడం మొదలుపెట్టిన విల్లీస్ జీపులదీ అదే కుదురు. నాగార్జునసాగర్ డ్యాము కట్టేటప్పుడు నందికొండ వైపు పోయే జీపుల్ని చూశానని మా తాత చెప్పేవాడు. 1955లో శంకుస్థాపన అయితే 1967లో కాల్వలకు నీళ్లొదిలారు, ఆ మధ్య రోజుల సంగతి. ఆ జీపులకు గుడ్డ కప్పే తప్ప రేకు తలుపు లేదట. ఆ తర్వాత జీపు పొలాలకీ పెళ్లిళ్లకీ వచ్చింది. ఎండకూ వానకూ దుమ్ముకూ రేకు తలుపులు కావాల్సి వచ్చాయి. మా పాత జీపుకున్నది అలా ఊళ్లో బాడీ కట్టేవాళ్లు పెట్టిన తలుపే. కీళ్లూ వాళ్లు చేసినవే. అందుకని వాటి బుష్ కొలత వేరే ఏ బండికీ సరిపోదు. కొలిచి తీయించాల్సిందే.

పని రెండు పూటలు పట్టింది. మేస్త్రీ ముందు కీళ్ల చుట్టూ సుద్దతో గీత గీశాడు, బిగించేటప్పుడు అవే చోట్లకు రావడానికి. తలుపు కింద చెక్క, దాని మీద గోనెపట్టా, చెక్క కింద జాకీ. తలుపు బరువు జాకీ మీదికి వచ్చేదాకా పిన్ను జోలికి వెళ్లలేదు. బరువు మీద ఉన్న పిన్నును కొడితే రెక్క వంగుతుందట. తలుపు మరీ తెరుచుకోకుండా ఆపే పట్టీ విప్పాడు. పిన్నులకు డీజిలు, నూనె కలిపి పోసి గంటసేపు నాననిచ్చి, కింది నుంచి పైకి పంచ్ పెట్టి చిన్న సుత్తితో తట్టాడు. పిన్ను బయటికి వచ్చినప్పుడు దాన్ని నా చేతిలో పెట్టాడు. మధ్యలో సన్నగా నడుము తేలి ఉంది. వేలితో తడిమితే గాడి తగిలింది. పాత బుష్‌లు తాలు గింజల్లా తేలిగ్గా ఉన్నాయి, ఒక పక్క కాగితమంత పల్చబడి.

బెజ్జాలను కొత్తగా గుండ్రంగా తొలిచి, వాటికి తగ్గ గన్‌మెటల్ బుష్‌లు నాలుగు లేత్ మీద తీశాడు. గన్‌మెటల్ అంటే నూటికి 88 పాళ్లు రాగి, 10 పాళ్లు తగరం, 2 పాళ్లు జింకు. ఉక్కు కన్నా మెత్తన, ఒత్తిడికి ఓర్చుకుంటుంది, ఉక్కు మీద జారుతుంది. బుష్ బయటి కొలత బెజ్జం కన్నా వెంట్రుకవాసి ఎక్కువ ఉంచాడు, బిర్రుగా కూర్చోవడానికి. సుత్తితో కొడితే అంచు చితుకుతుందని వైస్‌లో పెట్టి నెమ్మదిగా నొక్కాడు. అలా నొక్కినప్పుడు లోపలి బెజ్జం కొద్దిగా మూసుకుపోతుంది. మళ్లీ రీమర్ తిప్పి, కొత్త పిన్ను ఆట లేకుండా, బిగుసుకోకుండా తిరిగే దాకా సరిచేశాడు. గ్రీజు రాసి పిన్నును తల పైకి ఉండేలా దించాడు. ఎప్పుడైనా కింది చీల ఊడినా తల ఆపుతుంది, పిన్ను జారి రోడ్డు మీద పడదు.

తలుపు బిగించాం. వేశాను. పడలేదు.

నా గుండె జారింది. మేస్త్రీ మాత్రం వంగి లాకు వైపు చూశాడు. తలుపు తన అసలు ఎత్తుకు వచ్చింది. కొక్కెం ఏడేళ్ల కిందట జరిపిన చోటే ఉంది. లాకు దాని పైనుంచి పోతోంది. ఆయన కొక్కెం విప్పి, రంగు గీకి, కింద పాత బోల్టుల అచ్చు వెతికి పట్టుకున్నాడు. మొదట ఏ చోట ఉండేదో అక్కడికే తెచ్చి బిగించాడు. ఈసారి రెండు వేళ్లతో నెట్టాను, పడింది. మూలాన్ని బాగుచేశాక, మూలం చెడిందని చేసుకున్న సర్దుబాట్లనూ వెనక్కి తీసుకోవాలని నాకు ఆ పూట అర్థమైంది. లేకపోతే బాగుపడింది కూడా చెడినట్టే కనిపిస్తుంది.

అయిన ఖర్చంతా కలిపితే ఒక ట్యాంకు డీజిలులో సగం లేదు.

ఇంత చిన్న పనిని అంతకాలం ఎందుకు వదిలేశానని నన్ను నేను అడిగితే, తాతల నాటి తలుపు గుర్తొస్తుంది. మా పాత ఇంటి దొడ్డి తలుపుకు ఇనప కీళ్లు లేవు. తలుపు చెక్కకే పైనా కిందా పొడుగు కొనలు వదిలి, కింది కొనను నాపరాతిలో తొలిచిన గుంటలో నిలిపి తిప్పేవారు. పండగ వచ్చిందంటే తాత ఆ గుంటలో ఆముదం చుక్కలు వేసేవాడు. బండి ఇరుసుకు గడ్డి కాల్చిన మసిలో ఆముదం కలిపి కందెన పెట్టేవాడు. కందెన వేయని బండికి కావలసినంత సంగీతం అని ఆయన తరచూ అనేవాడు. ఆ తరానికి తిరిగే ప్రతి వస్తువూ అరుగుతుందని తెలుసు. అరుగుడును ఆపలేం గానీ, నెమ్మదించమని బతిమాలుకోవచ్చు. మా జీపు కూడా ఏడేళ్లు కిర్రుమంది. మేం ఆ సంగీతాన్నే తలుపు గొంతు అనుకున్నాం.

మా ప్రాంతంలో ఆ అరుగుడు ఇంకాస్త తొందర. మాచర్ల నాపరాళ్ల గనుల నుంచి, సిమెంటు లారీల వెనక నుంచి లేచే సున్నపురాయి దుమ్ము మెత్తనిదే. కానీ అది గ్రీజును పీల్చుకుని ముద్ద చేస్తుంది. దానికి తోడు డొంకల్లోంచి లేచే ఇసక రేణువు ఉక్కు కన్నా గట్టిది. రెండూ కలిసి పిన్ను చుట్టూ గరుకు కాగితంలా పనిచేస్తాయి. రెంటచింతల ఎండల గురించి చెప్పనక్కర్లేదు. ఆ వేడికి పల్చటి గ్రీజు కరిగి కారిపోతుంది. రెండు నెలలకోసారి పాత ముద్ద తుడిచేసి కొత్తది పెట్టమని, ముద్ద మీదే మళ్లీ ముద్ద పెట్టవద్దని మేస్త్రీ చెప్పాడు. ఇప్పుడు ప్రతి రెండో అమావాస్యకూ ఆ పని చేస్తున్నాను. పది నిమిషాలు పడుతుంది.

కార్తీకంలో అమ్మను కారంపూడి వీరుల ఉత్సవాలకు తీసుకెళ్లాను. తిరుగు ప్రయాణంలో నేను అలవాటుగా చుట్టూ తిరిగి ఎడమవైపు వచ్చేసరికి, తలుపు అప్పటికే వేసి ఉంది. అమ్మ అద్దంలోంచి చూసి, “నువ్వు రాకపోయినా పడిందిరా” అంది. తను చాలాకాలం తర్వాత ఒక పనిని తిరిగి తన చేతిలోకి తీసుకున్నదని ఆ ముఖంలో కనిపించింది. అంతకుముందు ఆ తలుపు వేసిన ప్రతిసారీ నేను పడ్డ సంతోషం, ఆవిడ పోగొట్టుకున్నదాంట్లోంచి వచ్చిందే.

మీ బండి ఏదైనా సరే, రేపు పొద్దున ఒక తలుపు సగం తెరిచి, అంచు పట్టుకుని ఒకసారి పైకి లేపి చూడండి. ఆట ఉంటే చేతికే తెలుస్తుంది. తర్వాత ఇంట్లోకి వెళ్లి, ఆ తలుపు ఎవరికి పడటం లేదో అడగండి. వాళ్లు తమంతట తాము చెప్పరు.