బహుగాయక సంగీతోత్సవములు

పుష్య బహుళ పంచమినాడు కావేరీ తీరమందలి తిరువయ్యారులో, 1847 జనవరి 6న సిద్ధిపొందిన త్యాగరాజస్వామి సమాధి ముందర, పేరుమోసిన విద్వాంసులును, నిన్నమొన్న గీతములు, వర్ణములు దాటిన విద్యార్థులును ఒకే వేదికపై ప్రతిఫలాపేక్ష లేక ఒకరి వెనుక నొకరుగా పాడి లేచిపోవు ఆరాధనోత్సవము దక్షిణదేశ సంగీతమునకు ఒక విశిష్టమైన ఆచారమును నెలకొల్పినది. ఒక్క దినముననే పదిమందిని, ఇరువదిమందిని వినగలుగు ఈ పద్ధతి విజయవాడ మొదలైన మన తెలుగు పట్టణములకును వ్యాపించినది. దీని గుణమెంతటిదో, దీని వలన కలుగు లోపమేమో, రెండును తెలిసియే దీనిని పోషింపవలెనని నా అభిప్రాయము.

ఈ ఉత్సవము మొదటినుండియు ఇంత ఐకమత్యముతో సాగినది కాదు. స్వామివారి శిష్యపరంపరకు చెందినవారు పెద్దపక్షము, చిన్నపక్షము అని రెండుగా చీలి వేర్వేరుగా ఆరాధనలు జరుపుచుండిన కాలమున స్త్రీలకు ఆ సన్నిధిని పాడు అవకాశమే లేకుండెను. బెంగుళూరు నాగరత్నమ్మ తన సొమ్ము వెచ్చించి సమాధిపై ఆలయమును కట్టించి, స్త్రీలతో వేరొక గోష్ఠిని ఏర్పరచి, తన పట్టుదలను నిలుపుకొన్నది. 1940 ప్రాంతమున ఈ వర్గములన్నియు ఏకమైన పిమ్మటనే పంచరత్న కృతులను అందఱును కలిసి పాడు సంప్రదాయము స్థిరపడినది. నేడు మనము సహజమనుకొను ఆ ఉమ్మడి వేదిక ఒక వనిత పోరాటమునకు ఎంతయో ఋణపడియున్నది.

గోష్ఠిగానమునకు ఆ యైదు కృతులే ఏల తగినవో వాని నిర్మాణమును పరిశీలించినచో తెలియును. నాట, గౌళ, ఆరభి, వరాళి, శ్రీ అను ఘనరాగములయందు, అన్నియు ఆదితాళముననే రచింపబడి, చరణము చరణమునకు స్వరమును, ఆ ధాతువునకే సాహిత్యమును కలిగియుండుటచేత, ఎచట ఎత్తుకొనవలెనో, ఎచట విడువవలెనో ముందుగనే నిర్ణయమైయున్నది. ఆలాపనకుగాని, నెరవల్‌కుగాని, కల్పనస్వరమునకుగాని ఎడమీయక, రచనయే తన సౌందర్యమును తాను ప్రకటించుకొనును. అందుచేతనే వందలకొలది కంఠములు త్రోవ తప్పక సాగగలవు. వరాళిని గురువు శిష్యునికి ముఖతః నేర్పరాదను నమ్మకము మన గాయకులలో కలదు. అట్టి వరాళి కృతి ఈ గోష్ఠిలో కూర్చున్న పిల్లలకు కేవలము వినికిడిచేతనే పట్టుబడుట నాకెంతయు ముచ్చటగా తోచును.

గోష్ఠి ముగిసి, విడివిడిగా పాడుట మొదలైన తరువాత శ్రోతకు లభించు లాభము మరియొక విధమైనది. తోడిరాగమునే తీసికొందము. ఆ రాగమునకు ప్రాణమైన గాంధార కంపితమును వైణికుడు మెట్టుపై తంత్రిని లాగి పలికించును. వాయులీన విద్వాంసుడు వ్రేలి జారుడుతో సాధించును. నాగస్వర విద్వాంసుడు ఊపిరిని, పెదవుల ఒత్తిడిని సవరించి రాబట్టును. ఒకే దినమున ఈ మూడు గాంధారములను విన్నవానికి తోడి యననేమో లక్షణ గ్రంథము విప్పనవసరము లేకయే బోధపడును. ఒక్కొక్క సాయంకాలము ఒక్కొక్క కచేరి విన్నచో ఈ పోలిక ఇంత స్పష్టముగా చెవికి చిక్కదు. కొత్తవారికి ఈ వేదిక చేయు ఉపకారము వేరుగా చెప్పనక్కరలేదు. త్యాగరాజ శిష్యపరంపరకు చెందిన పారుపల్లి రామకృష్ణయ్య పంతులుగారి శిష్యుడు మురళీకృష్ణ పసితనముననే విజయవాడలో ఆరాధనోత్సవమున పాడగా విని, హరికథా విద్వాంసులు ముసునూరి సూర్యనారాయణమూర్తి భాగవతారుగారు ఆ పేరునకు ముందు ‘బాల’ శబ్దమును చేర్చిరి.

ఇక లోపము. మన సంగీతమున కల్పితమెంత ముఖ్యమో మనోధర్మమును అంత ముఖ్యము. మనోధర్మమునకు కాలము కావలెను. అరియక్కుడి రామానుజయ్యంగారు తీర్చిదిద్దిన కచేరి పద్ధతిలో, వర్ణము కంఠమును మేల్కొలుపును, చిన్న కృతులు సభను కుదురుపరచును, ఆ పిమ్మట ప్రధానరాగము తీరికగా విప్పారును, మృదంగ విద్వాంసునికి తని ఆవర్తనము దక్కును, పదములు, జావళులు తుదకు వచ్చును. ఒకదానికొకటి దారి తీయును. ఈ ఉత్సవములలో ఒక్కొక్కరికి దక్కు పావుగంటలో ఈ క్రమమునకు చోటేది? భైరవిని ఆరంభించిన గాయకుడు పై షడ్జమును అందుకొనులోపలనే నిర్వాహకుడు గడియారము చూపును. అందుచే తెలివిగలవాడు మధ్యమకాల కృతి నొకదానిని చిట్టస్వరముతో ముగించి కరతాళధ్వనులందుకొని పోవును. విళంబకాల కృతులు ఆ వేదికనుండి మెల్లమెల్లగా తొలగిపోవును. నా దృష్టిలో ఇదియే అన్నిటికన్న పెద్ద నష్టము.

శ్రుతి మార్పు మరియొక చిక్కు. ఐదో శ్రుతిలో పాడిన గాయని లేవగనే ఒకటో శ్రుతి గాయకుడు వచ్చి కూర్చుండును. వాయులీన తంత్రులన్నియు దిగవలెను. హెచ్చు శ్రుతి మృదంగమును ప్రక్కకు పెట్టి తగ్గు శ్రుతి మృదంగమును ముందుకు లాగి, ఎడమ మూతకు తడిపిన రవ్వముద్దను అంటించి, కుడి మూత అంచును రాతితో చుట్టును కొట్టుచు, ఒక్కొక్క వైపు నాదమును చూచుకొని, ఎక్కిన చోట దింపి, దిగిన చోట ఎక్కించి, తంబురాతో కలియువరకు ఆ విద్వాంసుడు తల యెత్తడు. ఆ సమయములో సభ మాటలలో పడును. అంతకుముందు విన్న రాగచ్ఛాయ శ్రోతల మనస్సునుండి చెదరిపోవును. ఆలస్యమైనదని తొందరపడి ఆ పని సగములో విడిచినచో తరువాతి పాటయంతయు చెడును. పేరున్నవారి వంతు ముగియగనే సగము సభ లేచిపోవుటయు, వెనుకవచ్చు చిన్నవాడు ఖాళీ తివాచీలకు పాడుటయు అందఱికిని తెలిసినదే.

కావున ఉత్సవ నిర్వాహకులకు నా విన్నపమిది. సమాన శ్రుతివారిని వరుసగా కూర్చుండబెట్టుడు. ఎవరే కృతి పాడుదురో ముందుగా అడిగి, ఒకే కృతి నలుగురి నోట రాకుండ చూడుడు. గాయకుల సంఖ్యను కొంత తగ్గించియైనను, ఉత్సవమున ఒక్క రాత్రినైన ఒకే విద్వాంసునికి మూడు గంటల కాలమిచ్చి, రాగతానపల్లవితో నిండు కచేరి చేయించుడు.