బరువును నమ్మిన మర, గొలుసును నమ్మిన మర

స్కాట్లండ్ ఉత్తర కొసన ఉన్న పెంట్లండ్ ఫర్త్ జలసంధిలో పోటునీరు సెకనుకు 5 మీటర్ల దాకా వేగం అందుకుంటుంది. ఆ ఉరవడికి అడుగున ఇసుక నిలవదు. ఏనాడో ఊడ్చుకుపోయి ఒట్టి రాతిచట్టు తేలింది. మామూలు పడవ లంగరు ఇసుకలో దిగబడి పట్టు చిక్కించుకుంటుంది, ఇక్కడ అది దిగబడే చోటే లేదు. అందుకే ఆటుపోట్ల నుంచి కరెంటు తీయాలంటే మరను ఉన్నచోట నిలపడమే మొదటి పరీక్ష.

మేజెన్ అనే ఆటుపోట్ల విద్యుత్ ప్రాజెక్టు ఆ పరీక్షకు బరువుతో జవాబిచ్చింది. స్ట్రోమా దీవికీ ప్రధాన భూభాగానికీ మధ్య 1.5 మెగావాట్ల టర్బైన్లు నాలుగు దించారు. ఒక్కోదాని కింద 250 నుంచి 350 టన్నుల ముక్కాలి ఉక్కు పీఠం, దాని మీద మొత్తం 1,200 టన్నులు తూగే ఆరు దిమ్మలు. రాతిని తొలిచే పని లేదు. ప్రవాహం టర్బైన్‌ను వెనక్కి నెడుతుంది, తలకిందులు చేయనూ చూస్తుంది. ఆ రెంటికీ అడ్డు ఈ బరువే.

పక్కనే ఆర్క్‌నీ దీవుల్లో, ఈడే అనే దీవి తీరాన, 2021లో వచ్చిన ఆర్బిటల్ ఓ2 తేలుతూ పనిచేస్తుంది. 74 మీటర్ల పొడవైన తొట్టెకు ఇరుపక్కలా ఒక్కో మెగావాట్ టర్బైన్. నాలుగు గొలుసులు దాన్ని అడుగుకు కట్టి ఉంచుతాయి. ఇక్కడ ప్రవాహపు తోపుకు తుఫాను అలల ఈడ్పు తోడవుతుంది. నన్ను కలవరపెట్టేది ఒక్క పెద్ద ఈడ్పు కాదు, ఏళ్ల తరబడి లంకెలను అలసటకు గురిచేసే లక్షల చిన్న ఈడ్పులు. నీటి అడుగున ఉన్న మేజెన్‌కు ఈ బెడద చాలా తక్కువ.

అయినా నా మొగ్గు ఓ2 వైపే. కెనడాలోని ఫండీ అఖాతం అనుభవం చూడండి. 2009లో అక్కడ ఓపెన్‌హైడ్రో కంపెనీ దాదాపు 400 టన్నుల మరను అడుగున కూర్చోబెట్టింది. పీఠం నిలిచింది, కానీ వారాల్లోనే రెక్కలు విరిగాయి. మరను పైకి తీయడానికి 2010 డిసెంబరు దాకా పట్టింది. బరువు మరను కదలనివ్వలేదు, మనిషిని దాని దగ్గరికీ పోనివ్వలేదు. అలాంటి చోట పెద్ద ఓడ తేవాలి, పోటుకూ ఆటుకూ మధ్య నీరు మందగించే కొద్దిసేపట్లోనే పని ముగించాలి. ఓ2లోనైతే టర్బైన్లను మోసే కాళ్లే నీటి మీదికి లేస్తాయి, చిన్న పడవలో వెళ్లి బాగుచేయవచ్చు.

ఈ వాదనకు మేజెన్ గట్టి ఎదురు సాక్ష్యం చూపిస్తుంది. అనుకోని మరమ్మతు లేకుండా అక్కడి టర్బైన్ ఒకటి ఆరేళ్లకు పైగా నడిచిందని 2025లో ప్రకటించారు. ఉప్పునీటి అడుగున అది నిజంగా ఘనమైన పని. చెడిపోని మరకు దగ్గరికి వెళ్లే దారితో పనేముంది? నాలుగింటికీ అదే మన్నిక ఉంటే నేను పక్షం మార్చేవాణ్ణే. కానీ ఆ నాలుగింటిలోనే కొన్నింటిని మరమ్మతుకు పైకి తీయక తప్పలేదు.

ఓ2కూ ఒక పరిమితి ఉంది, అది ఇంకా ఒంటరి మరే. ఒకే జలసంధిలో పది తొట్టెలు నిలపాలంటే నలుదిక్కులా చాచిన గొలుసులకు చోటు కావాలి, ఓడలకూ చేపల పడవలకూ దారి విడవాలి. ఆ లెక్క తేలేదాకా, ఇరుకు దారుల్లో మరల బారు పేర్చే పని మేజెన్ పీఠాలకే సులువు.