బండలాగుడుకు ఏ ఇంజిన్?

ఫోన్ ఆటలు చేయాలనుకునే మన కుర్రాళ్లు ముందు ఫిజిక్స్ ఇంజిన్ల (వస్తువుల కదలికను లెక్కగట్టే సాఫ్ట్‌వేర్ల) పేర్లే అడుగుతారు. హావోక్ గొప్పదా, ఫిజ్‌ఎక్స్ గొప్పదా అని. నేను ఎదురు అడుగుతాను: నీ ఆటలో ఏది కదలాలి, ఎట్లా కదలాలి?

నాకైతే కదలాల్సింది బండ. నరసరావుపేట చుట్టుపక్కల ఎడ్ల పందేలు చూసినవాళ్లకు తెలుసు, అసలు కష్టం బండ కదిలేదాకానే. జత కాడి మీదికి ఒరిగి, గిట్టలు నేలలో దిగేసి ఊపితేనే రాయి జరుగుతుంది. జరిగాక అంత బలం అక్కర్లేదు. మధ్యలో ఆగిందా, మళ్లీ మొదటికే. నిలిచిన రాయి మీద రాపిడి ఎక్కువ, జారే రాయి మీద తక్కువ. ఈ తేడా లేకపోతే అది బండలాగుడే కాదు.

అందరూ మొదట వెళ్లేది బాక్స్‌టూడీ దగ్గరికి. ఎరిన్ కాటో 2006లో ఆటల తయారీదారుల సదస్సులో చూపించిన చిన్న నమూనా నుంచి పెరిగింది. 2009లో వచ్చిన యాంగ్రీ బర్డ్స్‌లో పిట్టలు ఎగిరింది దీనితోనే. ఉచితం, చవక ఫోన్లలోనూ నడుస్తుంది. కానీ రెండు రాపిళ్లకూ దానిలో ఒకటే అంకె. కదిలించడానికి ఎంత బలం కావాలో పరుగంతా అంతే కావాలి. ఫిజ్‌ఎక్స్‌లో ఆ రెండూ విడివిడిగా ఇవ్వొచ్చు, దాన్ని వాడే ఆటల తయారీ సాఫ్ట్‌వేర్ యూనిటీ త్రీడీలో ఆ రెండు గడులు కనపడేది అందుకే. అయినా నేను బాక్స్‌టూడీనే పట్టుకున్నాను. పక్కనుంచి చూసే ఆటకు త్రీడీ బరువెందుకు? బండ వేగాన్ని బట్టి రాపిడి అంకె మార్చే నాలుగు లైన్లు సొంతంగా రాసుకుంటే సరిపోయింది.

గొలుసుతో మాత్రం గోల తప్పదు. క్వింటాళ్ల బండకూ ఎడ్లకూ మధ్య కిలో బరువు కూడా లేని లంకెలు పెడితే గొలుసు రబ్బరులా సాగుతుంది. బరువుల తేడా పదింతలు దాటితే నిలకడ తగ్గుతుందని బాక్స్‌టూడీ మాన్యువలే చెబుతుంది. ఇంజిన్ సెకనుకు 60 సార్లు లెక్క వేసుకుంటూ, ప్రతిసారీ కొన్ని సవరణలు మాత్రమే చేస్తుంది. అంత తేడాను ఆ కొద్దిలో సర్దలేదు. లంకెలు తీసేసి ఎడ్లకూ బండకూ మధ్య ఒకే బంధం పెట్టాను. గొలుసు తెర మీద వట్టి బొమ్మ.

కోటప్పకొండ ప్రభతో ఆట చేయాలంటే ఈ లెక్క మారిపోతుంది. శివరాత్రికి వచ్చే ప్రభలు, అంటే వెదురుతో కట్టిన ఎత్తైన అలంకార చట్రాలు, 80 అడుగులు, అంటే 24 మీటర్లకు పైగానే లేస్తాయి. బాక్స్‌టూడీని సరిచూసింది 10 మీటర్లలోపు పరిమాణమున్న కదిలే వస్తువులకు. పైగా ప్రభ ముందుకూ ఊగుతుంది, పక్కకూ ఊగుతుంది కాబట్టి త్రీడీ కావాల్సిందే. నేనైతే జోల్ట్‌తో మొదలుపెడతాను. యోరిట్ రౌవే రాసిన ఆ ఇంజిన్‌ను 2022లో హొరైజన్ ఫర్బిడెన్ వెస్ట్ లాంటి పెద్ద ఆటే వాడింది. 2025లో ఆటల తయారీ సాఫ్ట్‌వేర్ గొడో 4.4లోనూ చేరింది, డబ్బు కట్టే పని లేదు.

వెదురు బొంగులు ఊగడం వరకూ ఇంజిన్‌కు అప్పగిస్తాను. ప్రభను నిలబెట్టే పని మాత్రం దానికివ్వను. అది ఒరగకుండా మోకులు పట్టేవాళ్లను ఆటగాడి వేళ్లకే ఇస్తాను, ఏ వైపు మోకు ఎప్పుడు లాగాలో, ఎప్పుడు వదలాలో అతనే చూసుకుంటాడు.